ఓపెన్ సోర్సు డేటాబేసుల తారతమ్యము

ఇరువది సంవత్సరముల క్రిందట చదువు ముగించి వెడలిన విద్యార్థి యొకడు పాఠశాల కార్యాలయమునకు వచ్చి, "అయ్యా! నా పుట్టినతేదీ యేమని వ్రాయబడియున్నదో చూచి చెప్పుడు" అని యడిగెననుకొందము. గుమాస్తాగారు బీరువా తెఱచి, అంచులు చినిగిన అడ్మిషన్ రిజిష్టరును దీసి, ధూళి దులిపి, పుటలు త్రిప్పి, ఆ పేరును వెదకి పట్టుకొందురు. అందు వ్రాసిన తేదీయే యాతని పదవతరగతి ధ్రువపత్రములో నెక్కినది. దానినిబట్టియే యుద్యోగము, దానినిబట్టియే పించను. అందొక్క యంకె తప్పైనచో నాతడు సంవత్సరములకొలది కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. కావున పాఠశాలయందలి వస్తువులలో గంటకన్నను, బల్లలకన్నను విలువైనది రిజిష్టరని చెప్పిన నతిశయోక్తి కాదు.

నేడు రిజిష్టరులు క్రమక్రమముగా కంప్యూటరులోనికి మాఱుచున్నవి. కాగితముమీది వ్రాత యంత్రములోనికి బోయినంతమాత్రమున సత్యమగుననుకొనరాదు. అచ్చట దానిని క్రమపఱచి, అడిగినపుడు వెదకి యిచ్చి, చెడకుండ కాపాడుట కొక సాఫ్టువేరు కావలెను. దానికి డేటాబేసు అని పేరు. వెల లేక లభించి, లోపలి నిర్మాణమును గూడ నెవరైనను చదువుటకును, మార్చుటకును, ఇతరులకు పంచుటకును వీలైనదానిని ఓపెన్ సోర్సు అందురు. అట్టి డేటాబేసులలో ప్రపంచమున మిక్కిలి వాడుకయందున్న నాలుగింటిని గూర్చి యిచ్చట వ్రాయుచున్నాను: ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్, దాని తోబుట్టువైన మేరియాడీబీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.

"వీనిలో నేది వేగవంతము?" అని పైతరగతుల విద్యార్థులును, వారి తలిదండ్రులును అడుగుట కలదు. ప్రశ్న మంచిదే; కాని మొదట నడుగవలసిన ప్రశ్న యది కాదు. "నేను తప్పు వ్రాయబోయినపుడు నన్నాపునా? వ్రాయుచుండగా దీపమాఱినచో వ్రాసినది నిలుచునా? పదిమంది యొకేమాఱు వ్రాసినచో నొకరి వ్రాత నొకరు చెఱపకుందురా?" అను నీ మూడును ముందడుగవలెను. వేగము నాలుగవది. ఈ వరుసలోనే నాలుగు డేటాబేసులను పోల్చి చూతము.

పట్టికలును సంబంధములును

ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ అను పండితుడు 1970 సంవత్సరమున నొక వ్యాసము ప్రకటించెను. సమాచారమునంతయు పట్టికలుగా నుంచవలెననియు, పట్టికకును పట్టికకును గల సంబంధము వానియందలి విలువలచేతనే తెలియవలెననియు, మనము కావలసినదేదో చెప్పిన చాలుననియు, దానిని వెదకు త్రోవను యంత్రమే యేర్పఱచుకొనవలెననియు నందలి సారాంశము. రిలేషనల్ డేటాబేసు అను పేరు దానినుండి వచ్చినదే. అట్లడుగుటకు వాడు భాషకు ఎస్‌క్యూఎల్ అని పేరు. మన నాలుగు డేటాబేసులును స్వల్పభేదములతో నీ భాషనే యెఱుగును.

పట్టికలను విభజించుటవలని మేలు మన యూరి సంగతి చూచిన తేటపడును. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినపుడు, అంతవఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండిన చోడవరము అనకాపల్లి జిల్లాలో చేరినది. ఒక పాఠశాలవారు ప్రతి విద్యార్థి పంక్తియందును ఊరు, మండలము, జిల్లా మూడును వ్రాసియుంచినచో, గోవాడ, లక్కవరము, మాడుగుల, చీడికాడ మొదలగు నూళ్లనుండి వచ్చు వందలకొలది పిల్లల పంక్తులను దిద్దవలసి వచ్చును. కొన్ని దిద్దబడును, కొన్ని మఱవబడును, తుదకొకే యూరు రెండు జిల్లాలలో నున్నట్లు కనబడును. అట్లుగాక, ఊళ్ల పట్టికను వేఱుగ నుంచి, విద్యార్థి పంక్తిలో ఊరి గుర్తుసంఖ్యను మాత్రము వ్రాసినచో, ఊరికొక్కచోట దిద్దిన చాలును.

అయిన నిచ్చట నొక మెలకువ కలదు. 2010లో పుట్టిన పిల్లవాని జనన ధ్రువపత్రముమీది జిల్లాపేరు నాటి పేరే. దానిని మార్చరాదు. నేటి చిరునామా వేఱు. నాటి పత్రములోని మాట వేఱు. ఈ భేదమును గుర్తించి పట్టికలు గీయువాడు మనుష్యుడే గాని, ఏ డేటాబేసును ఆ పనిని మనకై చేయజాలదు.

నాలుగింటి పుట్టుక

ఎస్‌క్యూలైట్‌ను రిచర్డ్ హిప్ అను అమెరికా దేశస్థుడు 2000 సంవత్సరమున రచించెను. అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కొకదానికి సాఫ్టువేరు వ్రాయుచుండగా, డేటాబేసు సర్వరు ఆగిపోయినపుడెల్ల తన పనియు నాగుచుండెనట. అసలు సర్వరే యక్కఱలేని డేటాబేసు ఏల యుండరాదని యతనికి తోచెను. కావున ఎస్‌క్యూలైట్‌నకు ప్రత్యేకముగ కొలువుండు సర్వరు లేదు. సమస్తమును ఒకే ఫైలులో నుండును. దీనికి హక్కుదారుడును లేడు. అది సర్వజనుల సొత్తుగా విడువబడినది. ఆండ్రాయిడ్ ఫోనులన్నింటియందును, ఐఫోనులందును ఇది యిమిడియున్నది. మన తల్లిదండ్రుల ఫోనులలోని వాట్సాప్ సందేశములు భద్రపడియుండునది యిందే. కంప్యూటరును ఎన్నడు ముట్టని రైతు కూడ తెలియకయే దీనిని దినమునకు నూఱుమాఱులు వాడుచున్నాడన్నమాట.

మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్ దేశమున వెలువడెను. దానిని నిర్మించినవారిలో ముఖ్యుడు మైకేల్ విడేనియస్ అను ఫిన్లండు దేశస్థుడు. తన పెద్దకూతురు 'మై' పేరును దానికి పెట్టెను. 2008లో సన్ సంస్థవారు దానిని కొనిరి. 2010లో సన్ సంస్థను ఒరాకిల్ సంస్థవారు కొనిరి. ఒరాకిల్ వారు తామే వెలగల డేటాబేసు నమ్ముకొనువారు గనుక, ఉచిత డేటాబేసు వారి చేతిలో నేమగునో యను సందేహము కలిగి, విడేనియస్ 2009లోనే పాత నిర్మాణముమీద వేఱొక శాఖ నెత్తెను. దానికి చిన్నకూతురు మేరియా పేరు పెట్టెను. అదియే మేరియాడీబీ. నిర్మాణము బహిరంగముగ నుండుటవలని ప్రయోజనమిదియే: యజమాని మాఱినను, వాడుకొనువారు దిక్కులేనివారు కారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియాలు 2013లో మేరియాడీబీకి మాఱినవి. మన విద్యార్థి చోడవరమును గూర్చి తెలుగు వికీపీడియాలో చదువు ప్రతిమాటయు నట్టి డేటాబేసులో దాచబడినదే.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ విశ్వవిద్యాలయమున పుట్టినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖయందు మైకేల్ స్టోన్‌బ్రేకర్ అను నాచార్యుడు 1986లో పరిశోధనగా నారంభించెను. అంతకుముందాయన ఇంగ్రెస్ అను డేటాబేసును నిర్మించినవారిలో నొకడు. దానికి తరువాతిది గనుక పోస్ట్‌గ్రెస్ అనిరి. ఎస్‌క్యూఎల్ భాష చేరిన పిమ్మట 1996లో నేటి పేరు వచ్చినది. దీనికి యజమాని యనదగిన సంస్థ యేదియు లేదు. పలుదేశములవారు కూడి దీనిని పెంచుచున్నారు. ఎల్లరును కూడి గీయుచున్న ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను ప్రపంచపటము 2009నుండి దీనియందే యున్నది. మన కేంద్రప్రభుత్వపు ఎన్‌ఐసీ వారు గ్రంథాలయములకై చేసిన ఈ-గ్రంథాలయ 4.0 దీనిమీదనే నడచును. న్యూజీలండులో పుట్టిన కోహా అను గ్రంథాలయ సాఫ్టువేరు మైఎస్‌క్యూఎల్, మేరియాడీబీలమీద నడచును. ఒకే పనికి రెండు త్రోవలు; రెండును గమ్యము చేరును.

జూన్ 31 పరీక్ష

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. గుమాస్తాగారు పొరపాటున పుట్టినతేదీ గడిలో "2010 జూన్ 31" అని కొట్టిరనుకొందము. జూన్ నెలకు ముప్పదిదినములే గదా! అప్పుడు నాలుగు డేటాబేసులును ఏమి చేయును?

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆ పంక్తిని నిరాకరించి, తేదీ తప్పని చెప్పును. మైఎస్‌క్యూఎల్ పూర్వ మట్లు చేయక, ఒక హెచ్చరిక మాత్రము పలికి, ఆ తేదీకి బదులు అన్నియు సున్నలే గల తేదీని వ్రాసి యూరకుండెడిది. ఆ హెచ్చరికను చదువువారరుదు. 2015లో వెలువడిన 5.7వ కూర్పునుండి కఠినపద్ధతియే సహజపద్ధతియైనది. మేరియాడీబీలో 2017లో 10.2వ కూర్పునుండి యట్లే. అప్పటినుండి యవియు నిట్టి తేదీని నిరాకరించును. పాత కూర్పులమీద నడచుచున్న యంత్రమందుగాని, కఠినపద్ధతిని ఎవరో తీసివేసినచోటగాని, ఈ ప్రమాద మింకను కలదు. ఎస్‌క్యూలైట్‌లో తేదీయను జాతియే లేదు. తేదీ దానికొక మాట వంటిది. "జూన్ 31" అన్నను, "మామిడిపండు" అన్నను, ముందుగా మనము నియమము వ్రాసియుంచకున్నచో, మాఱుపలుకక పుచ్చుకొనును. 2021నుండి గడియొక్క జాతిని కచ్చితముగ పాటించు పట్టికలను దానియందు కోరి చేసికొనవచ్చును. అయినను తేదీ జాతి మాత్రము చేరలేదు.

రెండవ పరీక్ష: మార్కుల గడిలో నూటికి 135 అని వ్రాసిరి. "0 మొదలు 100 వఱకు" అను నియమమును పట్టికతోడనే వ్రాయవచ్చును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను, ఎస్‌క్యూలైట్‌ను దానిని పాటించును. మైఎస్‌క్యూఎల్ చిరకాలము ఆ నియమమును వినియు వినట్లుండెడిది. 2019లో వచ్చిన 8.0.16వ కూర్పునుండి పాటించుచున్నది. మూడవ పరీక్ష: లేని విద్యార్థిసంఖ్యకు రుసుము కట్టినట్లు వ్రాసిరి. తక్కినవి దీనిని నిరాకరించును. ఎస్‌క్యూలైట్‌లో మాత్రము ఆ కాపలాను మనము డేటాబేసును తెఱచిన ప్రతిమాఱును ముందుగా కోరి పెట్టుకొనవలెను.

ఈ మూడు పరీక్షలయందును పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మొదటినుండి కఠినుడైన యుపాధ్యాయునివంటిది. మైఎస్‌క్యూఎల్ కాలక్రమమున కఠినత్వమును నేర్చినది. ఎస్‌క్యూలైట్ మన శ్రద్ధకు విడుచును. తిట్టినను దిద్దెడి గురువు మేలని పెద్దలకు తెలిసినదే.

చిట్టాయు ఆవర్జాయు

అనకాపల్లి బెల్లపు బజారులో వర్తకుల లెక్కలు చూచినవా రెఱుగుదురు: బేరము కుదిరిన వెంటనే దానిని చిట్టాలో వ్రాయుదురు, తీరికగా సాయంకాలము ఆయా ఆసామి ఖాతాకు ఆవర్జాలోనికి ఎక్కింతురు. నడుమ నేదైన నవాంతరము వచ్చి యావర్జా సగము వ్రాయబడి నిలిచినను, చిట్టాను చూచి పూర్తిచేయవచ్చును.

డేటాబేసులు సరిగా నిట్లే చేయును. రుసుము కట్టుటలో రెండు వ్రాతలు కలవు: విద్యార్థి బాకీ తగ్గవలెను, పాఠశాల జమ పెరుగవలెను. మొదటిది వ్రాసి, రెండవది వ్రాయకమునుపే కరెంటు పోయినచో ఏమగును? రెండును జరుగవలెను, లేదా రెండును జరుగరాదు. ఇట్టి విడదీయరాని వ్రాతల గుంపును లావాదేవి యందురు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మొదట చిట్టా వంటి ఫైలులో వ్రాసి, అది డిస్కుమీద పడినట్లు నిశ్చయించుకొని, పిమ్మట పట్టికలో నెక్కించును. మైఎస్‌క్యూఎల్, మేరియాడీబీలలో ఇన్నోడీబీ యను లోపలి యంత్రాంగ మిట్లే చేయును. ఎస్‌క్యూలైట్ మార్చబోవు పాత పుటలను వేఱొకచోట దాచి పిదప మార్చును. కోరినచో చిట్టా పద్ధతిని గూడ నవలంబించును. నేడు నాలుగును ఈ పరీక్షయందు కృతార్థములే. మైఎస్‌క్యూఎల్‌లో పూర్వము సహజముగ నుండిన మైఐసామ్ అను యంత్రాంగమునకు లావాదేవియే తెలియదు, 2010లో 5.5వ కూర్పునుండి ఇన్నోడీబీ దాని స్థానము నాక్రమించినది. పాత పుస్తకములలో "మైఎస్‌క్యూఎల్ అతివేగము" అను మాట చదివినపుడు, ఆ వేగములో కొంత చిట్టా వ్రాయకుండుటవలన వచ్చినదని జ్ఞాపక ముంచుకొనవలెను.

చిట్టాకు గల వెలను లెక్కవేయుదము. పాతరకపు డిస్కు నిమిషమునకు 7,200 మాఱులు తిరుగును. అనగా సెకనుకు 120 మాఱులు. ఎస్‌క్యూలైట్ ఒక్కొక్క లావాదేవిని నిశ్చయముగ డిస్కుమీద పెట్టుటకు రెండు చుట్లు కావలెనన్నచో, సెకనుకు సుమారు 60 లావాదేవులే జరుగును. కాని పదివేల పంక్తులను ఒకే లావాదేవిగా కూర్చినచో, ఆ నిరీక్షణ యొక్కమాఱే. అప్పుడు సామాన్యమైన కంప్యూటరుమీదనే సెకనుకు 50,000 పంక్తులైనను ఎక్కించునని దాని కర్తలే చెప్పుచున్నారు. డేటాబేసు అదే, డిస్కు అదే, అడిగిన తీరు మాత్రము వేఱు. కదలని చిప్పుల డిస్కులలో నీ నిరీక్షణ మిక్కిలి తగ్గును గాని, బొత్తుగా పోదు.

ఒకే కలము, పలు కలములు

పరీక్షల యనంతరము పదిమంది యుపాధ్యాయులు ఒకేమాఱు మార్కులు ఎక్కించుచున్నారనుకొందము. ఎస్‌క్యూలైట్ ఒకే కలము గల కార్యాలయము. ఎందఱైనను చదువవచ్చును, వ్రాయువాడొక్కడే. 2010నుండి చిట్టా పద్ధతిలో, ఒకడు వ్రాయుచుండగా తక్కినవారు చదువుటకు వీలైనది. అయినను రెండవ కలము రాలేదు. ఒక్కొక్క వ్రాత సెకనులో నత్యల్పభాగమే గనుక, చిన్న కార్యాలయమున నీ నిరీక్షణ తెలియనే తెలియదు. చెఱకు కాలమున చక్కెర కర్మాగారపు కాటాలవద్ద బండ్లును, ట్రాక్టరులును బారులు తీరుట మన ప్రాంతమువారందఱును చూచినదే. అట్లు వందలకొలది చేతులు ఎడతెగక వ్రాయుచోట ఒకే కలము చాలదు. మఱియు నా ఫైలును నెట్‌వర్కుమీద పలు కంప్యూటరులనుండి తెఱచుట ప్రమాదకరము.

తక్కిన మూడును పలు కలములు గలవి. ఒకడొక పంక్తిని దిద్దునపుడు ఆ పంక్తికి మాత్రమే తాళము పడును. ఇచ్చటనే వానికి నడుమ నొక ముఖ్యభేదము కలదు. హెడ్మాష్టరుగారు తరగతి పట్టికను చదువుచుండగా గుమాస్తాగారు ఒక పంక్తిని దిద్దినచో, హెడ్మాష్టరుగారికి సగము పాతది, సగము కొత్తది కనబడరాదు. అందుకై పాత వ్రాతను కొంతసేపు దాచవలెను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పాత పంక్తిని కొట్టివేసినట్లు గుర్తుపెట్టి, అదే పుస్తకములో కొత్త పంక్తి వ్రాయును. ఇన్నోడీబీ అదే పంక్తిమీద దిద్ది, పాత మాటను ప్రక్కనున్న వేఱొక పుస్తకములో వ్రాసికొనును.

మొదటి పద్ధతిలో కొట్టివేసిన పంక్తులు పేరుకొని పుస్తకము లావగును; వానిని ఊడ్చు పనికి వాక్యూమ్ అని పేరు. 2008లో 8.3వ కూర్పునుండి యా పని సహజముగనే తనంతట తాను జరుగుచున్నది. అయినను నిముసనిముసమునకు దిద్దబడు పట్టికలున్నచో దానిమీద దృష్టి యుంచవలెను. రెండవ పద్ధతిలో, ఎవరైన గంటలతరబడి యొకే పఠనము సాగించినచో, ప్రక్క పుస్తకము పెరిగిపోవును. ఊడ్చుట యెవరికిని తప్పదు. చీపురు ఉండుచోటు మాత్రమే వేఱు.

వేగమును గూర్చి

విద్యార్థులారా! మీరు వేచియున్న ప్రశ్న యిదియే. డేటాబేసునకు వేగమిచ్చునది మొదట సూచిక, అనగా ఇండెక్సు. పుస్తకము చివర అకారాది సూచిక యుండుటచేత పుటలన్నియు త్రిప్పకయే విషయమును పట్టుకొందుము గదా. డేటాబేసు సూచిక కొమ్మలు గల చెట్టువంటిది. ఒక్కొక్క పుటనుండి 200 కొమ్మలు చీలుననుకొనిన, మూడు పుటలు చూచునప్పటికి 200×200×200, అనగా 80,00,000 పంక్తులలో నొకదానిని చేరవచ్చును. నాలుగు డేటాబేసులయందును ఈ చెట్టు కలదు. కావున ఒక విద్యార్థిసంఖ్య చెప్పి, ఆ పంక్తిని తెమ్మని యడుగుటలో వానికి గొప్ప భేదము కనబడదు. ఇన్నోడీబీ పంక్తులను ముఖ్యసంఖ్య వరుసలోనే పేర్చియుంచును గనుక, ఆ సంఖ్యచే నడుగు ప్రశ్నలకు చురుకుగా బదులిచ్చును. పేరుచేత నడిగినచో మొదట పేర్ల సూచికను, పిదప సంఖ్యల చెట్టును, రెండింటిని చూడవలెను.

చిక్కైన ప్రశ్నలయందే భేదము తోచును. 600 మంది విద్యార్థులు. ఒక్కొక్కరికి ఆఱు పాఠ్యవిషయములు. మొత్తము 3,600 మార్కుల చీటీలు. ప్రతి విద్యార్థికిని అతని చీటీలను చేర్చవలెను. సూచిక లేక ఒక్కొక్క పేరునకును చీటీలన్నియు వెదకినచో 600×3,600, అనగా 21,60,000 పోలికలు. అట్లుగాక విద్యార్థుల పేరిట అఱలు పెట్టి, చీటీలను ఆయా అఱలలో వేసినచో 4,200 మాఱులు చేయి కదల్చిన చాలును. ఈ రెండవదానిని హ్యాష్ జాయిన్ అందురు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు ఇదియు, క్రమముగ పేర్చి జతపఱచు మఱియొక పద్ధతియు చిరకాలముగ తెలియును. పట్టికలను చూచి, ఏది లాభమో అదే యెంచుకొనును. మైఎస్‌క్యూఎల్ దీనిని 2019లో 8.0.18వ కూర్పున నేర్చినది. ఎస్‌క్యూలైట్ మొదటి పద్ధతినే, సూచికల సాయముతో చేయును; సూచిక తగినదున్నచో నదియు చాలును. అందుచేత పెద్ద లెక్కలకును, పలుపట్టికల కూడికలకును పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పేరుపొందినది. చిన్న ప్రశ్నలు వేలకొలది వచ్చు వెబ్‌సైటులకు మైఎస్‌క్యూఎల్, మేరియాడీబీలు పేరుపొందినవి. ఎస్‌క్యూలైట్‌కు సర్వరువద్దకు పోయి వచ్చు ప్రయాణమే లేదు గనుక, ఒంటరి వాడుకలో చాల చురుకైనది.

"మాది రెట్టింపు వేగము" అను ప్రకటన చూచినపుడు, ఈ క్రింది సంగతులు విచారింపుడు. యంత్రమొక్కటేనా? పట్టికలొక్కటేనా? అవి కంప్యూటరు జ్ఞాపకశక్తిలో పట్టునంత చిన్నవా, పట్టనంత పెద్దవా? ఒకడడిగెనా, నూఱుగురడిగిరా? సగటు వేగమే చెప్పిరా, అన్నిటికన్న నాలస్యమైన జవాబును గూడ చెప్పిరా? చిట్టాను డిస్కుమీద నిశ్చయముగ వ్రాయు కట్టుబాటును తీసివేసి కొలిచిరా? ఈ చివరిది ముఖ్యము. ఆ కట్టుబాటును తీసివేసినచో ఏ డేటాబేసైనను పరువెత్తును. చీటీ వ్రాయక మనస్సులో నుంచుకొను గుమాస్తా చురుకుగా కనబడినట్లే. కరెంటు పోయిననాడు నిజము బయటపడును.

మన యక్షరముల సంగతి

తెలుగు పేర్లు వ్రాయు రిజిష్టరునకు మఱియొక పరీక్ష కలదు. "చోడవరము" అను మాటను మనము అయిదక్షరములని లెక్కింతుము. యూనికోడు పద్ధతిలో గుణింతపు గుర్తులు వేఱుగ లెక్కకు వచ్చుటచే నేడు గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. కావున ఇంగ్లీషు పేర్లను చూచి "ఇరువది గుర్తులు చాలు" నని గడి గీసినచో, ఇంటిపేరుతో కూడిన తెలుగు పేరు పట్టదు. పట్టనపుడు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నిరాకరించును; కఠినపద్ధతి లేని పాత మైఎస్‌క్యూఎల్ తోక కత్తిరించి వ్రాసెడిది; ఎస్‌క్యూలైట్ గడి కొలతను లెక్కింపక యంతయు వ్రాసికొనును. మఱియు మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0వ కూర్పు వచ్చువఱకు సహజలిపి పద్ధతి ఐరోపా యక్షరములకు మాత్రమే తగినది. పద్ధతి మార్చుట మఱచినవారికి తెలుగు పేరునకు మాఱుగా ప్రశ్నార్థకముల వరుస కనబడెడిది.

అకారాది క్రమమును గూడ చూడవలెను. మన బాలశిక్షలలో ళకారము హకారము తరువాత వచ్చును. యూనికోడు సంఖ్యల వరుసలో నది లకారమునకును వకారమునకును నడుమ నున్నది. సంఖ్యల వరుసనే నమ్మినచో తరగతి పట్టిక తెలుగు వరుసకు తేడాగా వచ్చును. భాషనుబట్టి వరుస నేర్పఱచు సౌకర్యము పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2017నుండి విరివియైనది. ఏది వాడినను, పదిపేర్లు వేసి కన్నులార చూచి నిర్ణయించుకొనుటయే క్షేమము.

ఏది యెంచుకొనవలెను?

ఒక గుమాస్తా యొక కంప్యూటరుమీద వ్రాసికొను రిజిష్టరునకు ఎస్‌క్యూలైట్ చాలును. నియమములను మాత్రము మఱవక వ్రాసికొనవలెను. కార్యాలయము, గ్రంథాలయము, వసతిగృహము మూడును ఒకే సమాచారమును పంచుకొనునపుడు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గాని, మేరియాడీబీ గాని, మైఎస్‌క్యూఎల్ గాని కావలెను. కొత్తగా పట్టికలు గీయువారికి, తప్పును మొదటినుండి సహింపని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను నేను సిఫారసు చేయుదును. కోహా వంటి సిద్ధమైన సాఫ్టువేరును తెచ్చుకొనువారు అది కోరిన డేటాబేసునే యుంచుకొనవలెను. వేనికంటెను ముఖ్యము: దానిని చూచుకొనగల మనిషి మీకు దగ్గఱలో నున్నాడా? తెలిసినవాని చేతిలోని సామాన్యమైన పనిముట్టు, తెలియనివాని చేతిలోని గొప్ప పనిముట్టుకన్న మేలు. కొన్నివందల పిల్లలుగల పాఠశాలలో, సూచికలు సరిగా నున్నచో, వీని వేగములయందలి భేదమును ఎవరును కనిపెట్టజాలరు.

చివరి మాట ప్రతిని గూర్చి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన ప్రాంతముమీద పడినపుడు, ఎన్నో యిండ్లకు దినములతరబడి కరెంటు లేకుండెను. అట్టినాడు తడిసిపోయిన డిస్కును ఏ డేటాబేసును రక్షింపజాలదు. నడుచుచున్న డేటాబేసు ఫైలును ఊరక నకలు తీయరాదు. వ్రాత నడుమ తీసిన నకలు చెడియుండవచ్చును. ప్రతి యెత్తుట కని నాలుగింటికిని తగిన పనిముట్లు ఉచితముగనే కలవు. వారమున కొకమాఱు వానితో ప్రతి యెత్తి, వేఱొక యూరిలో నుంచవలెను. సంవత్సరమున కొకమాఱైన నా ప్రతిని వేఱొక కంప్యూటరులో తెఱచి, పేర్లును తేదీలును సరిచూడవలెను. తెఱచి చూడని ప్రతి ప్రతి కాదు.

విద్యార్థులారా! ఈ నాలుగును మీకు వెల లేక లభించును. సెలవులలో నొకదానిని తెచ్చుకొని, మీ తరగతి పట్టికను వ్రాసి, జూన్ 31వ తేదీని దానికిచ్చి చూడుడు. అది కాదన్నచో సంతోషింపుడు. ఔనన్నచో, కాదనునట్లు నియమము వ్రాయుడు. ఇరువది సంవత్సరముల పిమ్మట ఎవరో వచ్చి తన పుట్టినతేదీ నడిగిననాడు, డేటాబేసు పేరేమని యతడడుగడు. అది ఎంత వేగమని యడుగడు. వ్రాసినది నిజమేనా యని మాత్రమే యడుగును. ఆనాటి జవాబు నేడు పట్టికలు గీయువాని చేతిలో నున్నది.